బోరింగులో ఎర్రనీళ్లు

పోయిన వారం మనం సరళను బత్తలపల్లె బస్టాండులో మిట్టమధ్యాహ్నం ఎండకు నిలబెట్టి వచ్చాం. పాపం, ఇంకా అక్కడే ఉంది. సంచిలో ఒక మారుచీర, పర్యావరణ చైతన్య పథకం వాళ్లు అచ్చేసిన పాటల పుస్తకాలు. వారమంతా ఆ పథకం పనిమీద గుమ్మఘట్ట వైపు ఊర్లు తిరిగింది. అక్కడ జీన్సు బట్టలకు రంగులేసి ఉతికే షెడ్డు నడుపుతున్న ఈరప్ప, వాడిన నీళ్లను భూమికే తిరిగి ఇస్తానని మాటిచ్చాడు. శుక్రవారం మీరొచ్చి ప్రారంభించాలని కూడా పిలిచాడు. ఆ సంతోషంతో బుక్కరాయసముద్రంలోని ఇంటికి పోదామనుకుంటే, ఎర్రవంకపల్లె హెడ్మాస్టరు శ్రీరంగప్ప అనంతపురం ఆఫీసుకు చేసిన ఫోను ఆమెను దారి మళ్లించింది.

ఎర్రవంకపల్లె బోరింగులో నీళ్లు ఎర్రగా వస్తున్నాయి. ఆ ఊరి ఓబన్న కూతురు వాంతులతో అనంతపురం ఆస్పత్రిలో పడింది. పట్టుదారానికి రంగులద్దే బుడేన్ సాబ్ కొట్టంలోంచి ఒక గొట్టం భూమిలోకి పోతుంటే, ఓబన్న గడ్డపారతో తవ్వి చూశాడు. అది సాబు దొడ్లో ఎండిపోయిన బోరులోకి దిగి ఉంది. ఊరి నీళ్లలో విషం కలిపినాడని గుప్పుమంది. సాబు కుటుంబాన్ని ఊర్లో ఉండనివ్వాలా, వెళ్లగొట్టాలా అన్నది ఈరోజు బడిలో తేల్చేస్తారు. సరళ ఆ ఊరికి మూడు నెలలుగా పోలేదు. పోయినప్పుడల్లా సాబు భార్య ఖాతూన్‌బీ చేతి టీ తాగిన మనిషి, ఇప్పుడు ఆటో ఎక్కడానికి కాళ్లు రాక నిలబడింది.

సరే, ఎక్కింది.

ఎర్రవంకపల్లె బడి గోడ మీద పథకం వాళ్లు నీలిరంగుతో రాయించిన మాటలు ఊరి మలుపు నుంచే కనబడతాయి. 'వాడిన నీటిని వీధిలోకి వదలొద్దు. ప్రతి చుక్కనూ భూమికి తిరిగి ఇద్దాం.' మా జిల్లాలో గోడలకున్న అవగాహనలో పావలా వంతు మనుషులకుంటే ఏనాడో బాగుపడేవాళ్లమని నాకు అనిపిస్తుంటుంది. దేశం పరుగెత్తుతోంది కాబట్టి జనాన్ని మేల్కొలపాలని ఎక్కడో చల్లని హాల్లో పెద్దలు తీర్మానిస్తారు. ఆ తీర్మానం ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, అక్కడి నుంచి అనంతపురానికి దిగుతూ దిగుతూ చివరికి ఒక డబ్బా నీలిరంగై ఇలా గోడకు అంటుకుంటుంది. నీళ్ల లారీ కోసం బిందెలు వరసబెట్టుకుని పొద్దంతా కూర్చునే ఆడవాళ్లకు నీటి విలువ నేర్పబోవడం ఎంత సిగ్గుచేటో సరళకు తెలుసు. తెలిసీ పాటలు పాడింది. నమ్మి పాడింది, అదే ఆమెతో వచ్చిన చిక్కు.

వరండాలో పథకం అధికారి సురేంద్ర చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. జీపు రోడ్డు వైపు తిప్పి పెట్టించాడు, ఎక్కగానే పోవడానికి వీలుగా.

"చూడు సరళా," అన్నాడు గొంతు తగ్గించి. "మనం చెప్పింది వాననీళ్లు. మిద్దె మీద పడిన వాననీళ్లు ఎండిన బోరులోకి దింపుకోమన్నాం. ఆ సాబు రంగునీళ్లు దింపినాడు. ఆయన తప్పు ఆయనది. నువ్వు లేచి ఆ ఒక్క ముక్క చెప్పి కూచో."

"ఆయన ఎందుకట్ల చేసినాడో అడిగినారా సార్?"

"అడిగేదానికి ఏముండాది? వచ్చే నెల ఢిల్లీ నుంచి చూసేదానికి వస్తాండారు. ఈ ఊరే చూపిస్తామని రాసినాం. అంతా బాగుందంటే పథకం ఉంటుంది, నీ ఉద్యోగం పర్మినెంటు అవుతుంది. లేదంటే నువ్వూ నేనూ ఇంట్లో కూచోవాల్సిందే."

"సాబు వాళ్లు?"

"ధర్మవరం పోతారు. రంగులద్దేవాళ్లకు యాడైనా పని దొరుకుతుంది."

ఎద్దుపుండు కాకికి నొప్పా అంటారు. సురేంద్ర చెడ్డవాడైతే మన కథకు సుఖంగా ఉండేది. చెడ్డవాడు కాడు, భయస్తుడు. భయస్తుడు చేసే పనులు చెడ్డవాడు కూడా చెయ్యలేడు.

లోపలికి పోయే ముందు మీకు ఒక సంగతి చెప్పాలి. నీళ్లు ఎర్రబడిన మొదటి రోజు ఊరు భయపడలేదు. బోరింగు చౌడమ్మ గుడికి ఎదురుగా ఉంటుంది. కుంకుమ కలిపినట్టు లేత ఎరుపుతో నీళ్లు పడగానే, కరువు చూసి అమ్మవారు పలికిందన్నారు. బోరింగు పిడికి పసుపు రాసి టెంకాయ కొట్టారు. ఆ నీళ్లు తీర్థమని ఇంటింటికీ పంచుకున్నారు. ఓబన్న కూతురుది అమ్మవారి పేరే, చౌడేశ్వరి. పేరుగలదానివి నువ్వు ముందు తాగాలని చెంబుడు నీళ్లు తాగించారు. ఆ పిల్ల మంచాన పడ్డాకే అమ్మవారు పోయి సాబు వచ్చాడు.

బడిగది కిక్కిరిసి ఉంది. మగవాళ్లు చాపల మీద, ఆడవాళ్లు గుమ్మం దగ్గర. బుడేన్ సాబ్ నల్లబల్ల పక్కన నిలబడి ఉన్నాడు. కూచోమని ఎవరూ అనలేదు, ఆయనా అడగలేదు. ఆ ఏడు ధర్మవరం చీరల్లో మిరపపండు రంగు మీద జనానికి మోజు. పొద్దస్తమానం అదే అద్దీ అద్దీ సాబు చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. ఎంత తోమినా పోయే రంగు కాదది. అందరి కళ్లూ వాటి మీదే ఉన్నాయని తెలిసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

ఓబన్న గొంతు పెంచలేదు. అరిచి ఉంటే వినేవాళ్లకు తేలికయ్యేది.

"ఈయప్పను మామా అని పిల్చుకుంటా పెరిగినా," అన్నాడు. "మా చౌడి పుట్టినప్పుడు ఉయ్యాలకు కట్టిన పట్టుతాడు ఈయప్ప అద్ది ఇచ్చిందే. ఆ పాప ఇప్పుడు సూది గుచ్చుకోని ఆస్పత్రిలో పండుకోనుండాది. నీళ్లు తాగల్లంటే ఏడుస్తాండాది. నేను ఎక్కువ మాట్లాడను. సాబు ఈడ ఉంటే నేను ఉండను. ఎవరు ఉండాల్నో ఊరే చెప్పాల."

"కావాలనే పోసింటాడు. గుడి ముందర బోరింగు గదా," అంది వెనక నుంచి ఒక గొంతు. అది ఎవరి గొంతో గదిలో అందరికీ తెలుసు. ఎవరూ కాదనలేదు.

బుడేన్ సాబ్ ఆ గొంతు వచ్చిన వైపు చూశాడు. ఆ మనిషి కూతురి పెళ్లిచీర దారం కూడా ఈ చేతులే అద్దాయి. తల దించుకున్నాడు.

సురేంద్ర లేచాడు. ప్రభుత్వం ఎంత ఖర్చుపెట్టి అవగాహన కల్పిస్తున్నా కొందరు వినరనీ, ఒకరి అజ్ఞానం ఊరంతటికీ చేటనీ, తగిన చర్య ఉంటుందనీ చెప్పి, సరళ వైపు చెయ్యి చూపించాడు. సరళ లేచింది. తాగడానికి నీళ్లు అడగాలనుకుంది, ఆ ఊర్లో నీళ్లు అడగడానికి నోరు రాలేదు.

"మేము ఆ రోజు చెప్పింది వాననీళ్లు..." అని మొదలుపెట్టింది.

గుమ్మం దగ్గర ఆడవాళ్లు పక్కకు జరిగారు. సాబు భార్య ఖాతూన్‌బీ మనుషుల మధ్యలోంచి నడిచి వచ్చి, చేతిలో మడతపెట్టి ఉన్న శాలువాను సరళ ముందున్న బల్ల మీద పెట్టింది.

"ఇది మీరు కప్పిందే గదమ్మా. ఏంటికి కప్పినారో ముందు చెప్పండి. మల్ల వాననీళ్ల సంగతి చెబుదురు."

సరళ కప్పిందే. పోయిన జూన్‌లో పర్యావరణ దినం నాడు, ఈ గదిలోనే. అంతకు ముందు సాబు కొట్టంలోంచి ఎర్రనీళ్లు, నల్లనీళ్లు, పచ్చనీళ్లు వీధి వెంబడి పారేవి. ఓబన్న ఆ నీళ్లు చూసి విసుక్కునేవాడు. ఉన్నట్టుండి ఒకనాడు వీధి పొడిగా కనపడింది. నీళ్లు భూమికే ఇస్తున్నానని సాబు సిగ్గుపడుతూ చెప్పాడు. ఆదర్శ పౌరుడని పిలిచి శాలువా కప్పారు, ఫోటో తీశారు. నీళ్లు ఏ దారిన భూమిలోకి పోతున్నాయని అడిగినవాళ్లు లేరు.

"నువ్వే చెప్పు సాబూ," అంది సరళ మెల్లగా. "బోరులోకి ఎందుకు దింపినావు?"

"సరళా," అన్నాడు సురేంద్ర.

సాబు చేతులు ముందుకు వచ్చాయి. దాచుకునే మనిషి కాదు, దాచుకోవడం చేతకాక అలసిపోయాడు.

"నేను సదువుకున్నోన్ని కాదమ్మా. నీళ్లు వీధిలోకి ఇడుస్తాంటి. ఓబన్న వచ్చి, మామా, గొడ్లు తొక్కుతాండాయి, పిల్లోల్లు కాళ్లు పెడ్తాండారు, బాగలేదన్న్యాడు. నిజమే అనిపిచ్చింది. యాడికి పంపాల్నో తెలీకుండా ఉంటి. అప్పుడే మీరొస్తిరి. అద్దాల తొట్టి తెస్తిరి. ఈ బల్ల మిందే పెడ్తిరి."

సరళ బల్ల మీద నుంచి చెయ్యి తీసేసింది.

"కొంచెం రంగు ఇస్తావా సాబూ అని నన్నే అడిగినారు. నేనే తెచ్చిస్తిని, మిరపపండు రంగు. మీరు ఆ ఎర్రనీళ్లను ఇసకలో గుంతలోకి పోసినారు. ఇదే ఎండిన బోరు అనుకోండి, భూమి ఎట్ల తాగుతాందో చూడండి అన్నారు. తాగేసింది. అందరూ చప్పట్లు కొట్రి. నేను గూడా కొడితిని. మీరు పోసింది వాననీళ్లు కాదమ్మా, నా రంగునీళ్లే. మీరు చేసిందే నేనూ చేసినా."

గదిలో ఎవరో దగ్గబోయి ఆపుకున్నారు.

ఆ తొట్టి ఏమిటో మీకు తెలియాలి. అద్దాల పెట్టెలో రాళ్లు, ఇసుక, మట్టి పొరలుగా పోసి ఉంటాయి. రెండు చివర్లా రెండు గుంతలు. ఒకటి ఎండిన బోరు, ఇంకొకటి ఊరి బోరింగు. మొదటి గుంతలో నీళ్లు పోస్తే లోపల్లోపల పాకి రెండో గుంతలో ఊరుతాయి. మామూలు నీళ్లయితే వెనక కూచున్నవాళ్లకు కనపడవని, కొంచెం రంగు కలపమని శిక్షణలో చెప్పారు. ఊరికొక తొట్టి ఇచ్చి రమ్మన్నారు. పాఠంలో తప్పు లేదు. ఇక్కడ పోసింది అక్కడికి వస్తుందన్నది అక్షరాలా నిజం. ఎర్రనీళ్లు పాకుతూ పోయి రెండో గుంతలో ఎర్రగానే ఊరాయి. ఊరంతా చూసింది, చెప్పే మనిషి కూడా చూసింది. ఊరి బోరింగు ఎర్రబడటాన్ని అంతమంది కళ్లారా చూసి చప్పట్లు కొట్టారు. మేలు చేయబోయిన చోట ఇంత కీడు జరగడం చూస్తే నాకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు. అందుకని అందరి మీదా తెచ్చుకుంటాను.

"శ్రీరంగప్ప సార్," అంది సరళ. "తొట్టి ఉండాదా?"

హెడ్మాస్టరు బీరువా తెరిచి, దుమ్ము తుడిచి, తొట్టి తెచ్చి శాలువా పక్కన పెట్టాడు. సురేంద్ర లేచి నిలబడి, "ఇప్పుడు ఇదంతా అవసరం లేదు, కూచో," అన్నాడు. సరళ ఆయన వైపు తిరగలేదు. మూలన కుండలో ఉన్న లారీ నీళ్లు చెంబుతో ముంచుకుని, పైకెత్తి అందరికీ చూపించింది.

"మంచినీళ్లే. చూడండి."

మొదటి గుంతలో పోసింది. అప్పటికే ఎండి అట్టకట్టిన ఇసుక నెమ్మదిగా తడిసింది. చాపల మీదున్నవాళ్లు మోకాళ్ల మీద లేచారు. రెండో గుంత అడుగున ముందు ఒక తడిమచ్చ కనపడింది. తర్వాత నీళ్లు ఊరాయి. ఎర్రగా ఊరాయి.

ఈసారి చప్పట్లు లేవు.

"ఆ రోజు పోసిన రంగు లోపలే ఉండిపోయింది," అంది సరళ. "సాబు ఈరోజు గొట్టం పీకేసినా మీ బోరింగులోకి ఇంకా వస్తూనే ఉంటుంది. ఎన్నాళ్లు వస్తుందో నాకు తెలీదు. ఏ నీళ్లు దింపితే ఆ నీళ్లే మీ బిందెలోకి వస్తాయని నేను ఆ రోజు చెప్పాల్సింది. చెప్పలేదు. నాకే తట్టలేదు. శాలువా కప్పేటప్పుడన్నా నీళ్లు యాడికి పంపినావని అడగాల్సింది. వీధి శుభ్రంగా కనపడింది, ఫోటో తీసుకుని పోయినాం. సాబు విషం పోయలేదు. నేను చూపించినట్టు చేసినాడు. నేను ఇన్ని ఊర్లు తిరిగినా నా పాఠం నమ్మి చేసింది ఈయన ఒక్కడే."

సురేంద్ర కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు పెద్దగా వినపడింది. "ఇది ఆమె సొంత అభిప్రాయం. పథకానికి సంబంధం లేదు," అని గోడతో చెప్పినట్టు చెప్పాడు. గుమ్మం దగ్గర ఆగి, "సోమవారం నుంచి నువ్వు ఆఫీసుకు రావద్దు," అన్నాడు. కాసేపటికి జీపు పోయిన చప్పుడు వినిపించింది. జీపు అటు తిప్పి పెట్టించుకున్నందుకు ఇప్పుడు ఉపయోగపడింది.

ఓబన్న తొట్టి దగ్గరికి వచ్చాడు. ఎర్రగా ఊరిన గుంతలో వేలు ముంచి చూసుకున్నాడు. కోపం తెచ్చుకోవడానికి మనిషి కావాలి. ఇంతసేపూ ఆయనకు ఒక మనిషి ఉన్నాడు.

"ఆ పొద్దు నేను గూడా చప్పట్లు కొడితిని," అన్నాడు చివరికి. "వీధిలో ఇడువద్దని జగడమాడింది నేనే. ఉంటే ఉండనీ అప్పా. పొమ్మంటే నా పాప లేచి కూచుంటాదా? కానీ ఒకటి. ఈ నీళ్లు ఈయప్ప గూడా తాగాల. మాతో పాటు తాగాల."

"మేము ఏం నీళ్లు తాగుతాండామనుకుంటివి ఓబన్నా?" అంది ఖాతూన్‌బీ. "మాకేమన్నా వేరే బోరింగు ఉండాదా? మా పాప షాహిదాకు గూడా వాంతులే. చెప్తే, మీ నీళ్లే గదా తాగండి అంటారని ఇంట్లోనే పండబెట్టుకున్న్యాం."

ఆ మాటకు గదిలో ఉన్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. వెనక గొంతు మనిషి ఎప్పుడు లేచిపోయాడో లేచిపోయాడు. సాబును ఎవరూ ఊరు విడిచి పొమ్మనలేదు. అలాగని క్షమించామనీ ఎవరూ అనలేదు. ఓబన్న సాబు వైపు తిరిగి, "షాహిదాను గూడా ఆస్పత్రికి తోడుకొని రా మామా. నేను ఎట్లాగూ పోతాండా," అన్నాడు. మామా అన్న సంగతి ఆయన గమనించలేదు. సాబు గమనించాడు. ఎర్రచేతులతో ముఖం కప్పుకుని అప్పుడు ఏడ్చాడు.

ఖాతూన్‌బీ శాలువా తీసి సరళ చేతిలో పెట్టింది. "మాకొద్దమ్మా. మీ కాడే ఉండనీ. ఇంకెవరికన్నా కప్పుదురు."

సరళకు ఏడవడానికి కూడా హక్కు లేదనిపించింది. శాలువా పట్టుకుని గుమ్మం వైపు నడిచింది. అక్కడ ఓబన్న తల్లి కదిరమ్మ గోడకు ఆనుకుని కూచుని ఉంది. ఇంతసేపూ నోరు విప్పని మనిషి. ఆమె కళ్లు ఇంకా తొట్టి మీదే ఉన్నాయి.

"ఒక్కడే అంటివి," అంది. "ఒక్కడేనా తల్లీ? ఇట్లాంటి తొట్టి ఇంకా యాడాడ చూపిచ్చినావు?"

సరళ జవాబు చెప్పబోయింది. నోటిలో ఊర్ల పేర్లు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. అన్నిటికంటే ముందు వచ్చింది ఈ వారమే పోయి వచ్చిన ఊరు. గుమ్మఘట్ట దగ్గర ఈరప్ప షెడ్డు. గుమ్మంలో నీలం నురగ కట్టిన కాలువ, చెప్పులు తడవకుండా తను ఎత్తి వేసిన అడుగు. తొట్టిలో కలపడానికి నీలిరంగు ఇచ్చింది కూడా ఈరప్పే. భూమి ఏ నీళ్లయినా తాగుతుందా మేడమ్ అని ఆయన అడిగాడు. బస్సుకు పొద్దుపోతోందని సంచి సర్దుకుంటూ, తాగుతుంది ఈరప్పగారూ అని చెప్పి వచ్చింది.

బడి ఎదురుగా యేసన్న అంగట్లో ఫోను ఉంది. సరళ పరిగెత్తడం ఆ ఊరు ఎన్నడూ చూడలేదు. పాటల పుస్తకం వెనక అట్ట మీద ఈరప్ప రాసిచ్చిన నంబరు వెతికి తిప్పింది. అవతల ఎవరో ఎత్తారు. మిషన్లు తిరుగుతున్న హోరు.

"ఈరప్పగారేనా? నేను సరళను. ఆ గొట్టం..."

"బన్ని మేడమ్, బన్ని," అన్నాడు ఈరప్ప, ఆ ఊర్లలో ఇంటికొచ్చిన చుట్టాన్ని కన్నడంలో రండి రండి అని పిలిచినట్టు. "మీకే ఫోను చేయాలనుకుంటాంటి. శుక్రవారం దాకా ఏంటికని పొద్దున్నే ఇడిసేసినాం. ఈపొద్దు గడియ బాగుండాదని అయ్యోరు చెప్పినాడు."

"ఈరప్పగారూ, ఒక్కమాట వినండి..."

"మీరు చెప్పినట్టే మేడమ్, భలే తాగుతాండాది భూమి. కాలువలో ఒక్క చుక్క లేదు. మా పక్క షెడ్లోల్లు చూసిపోయి, వాళ్లు గూడా గొట్టాలు దింపుతాండారు. సాయంత్రానికి అందరివీ అయిపోతాయి. మీరు మాత్రం శుక్రవారం తప్పకుండా రావాల." మిషన్ల హోరులో వినపడదేమోనని ఈరప్ప గొంతు పెంచాడు. "శాలువా మర్చిపోవద్దండి మేడమ్. ఇప్పుడు ఒకటి చాలదు."